విమానమంటే భయం, రోడ్డంటే నిర్లక్ష్యం

సంపాదకులకు నమస్కారం.

మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు కేంద్రం 2025లో అనుమతి ఇచ్చినప్పుడు సంతోషించిన ఓరుగల్లు వాసులే, అదే ఏడాది జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది మరణించాక, ‘మనకు కారే నయం’ అంటున్నారు. ఆ భయం సహజమే గాని లెక్కకు నిలవదు. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలోని రోడ్లపై 1,68,491 మంది, అంటే రోజుకు 460 మందికి పైగా, ప్రాణాలు కోల్పోయారు. రోడ్డెక్కేవారు ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే. అయినా ప్రయాణించిన దూరాన్ని బట్టి చూస్తే విమానమే సురక్షితం. (ప్రమాదాలు ఎక్కువగా టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లోనే జరుగుతాయి కనుక, హైదరాబాదు వంటి దగ్గరి ప్రయాణాలకు ఈ తేడా కొంత తగ్గుతుంది.)

అసలు తేడా యంత్రంలో కన్నా పద్ధతిలో ఉంది. విమానం కూలితే బ్లాక్ బాక్సు వెతికి, నెల రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇచ్చి, తేలిన లోపాన్ని మిగతా విమానాల్లోనూ సరిచేస్తారు. మన దగ్గర యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి, అంచున బండరాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి బైకు మీద వచ్చేవానికి కనబడదు. అతడు పడిపోతే అతివేగమే కారణమని తేల్చేస్తాం, రాయి మాత్రం అక్కడే ఉంటుంది. రైతునూ తప్పుపట్టలేం, కల్లాలు చాలినన్ని లేవు.

మరణం సంభవించిన ప్రతి చోటును పోలీసు, రవాణా, రోడ్లు భవనాల శాఖలు కలిసి పరిశీలించి కారణాన్ని నెలలోపు ప్రకటించాలని, వచ్చే యాసంగికి ముందే ఊరూరా కల్లాలు కట్టించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ