గీతలు పడిన యాక్రిలిక్ షీట్లను పారేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

కరోనా కాలంలో బ్యాంకులు, మందుల దుకాణాలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కౌంటర్లకు బిగించిన పారదర్శకమైన యాక్రిలిక్ (గాజులా కనిపించే ఒక రకం ప్లాస్టిక్) షీట్లు చాలాచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. వాటి నిండా సన్నని గీతలు పడి అవతలి మనిషి ముఖం సరిగా కనిపించని స్థితి వచ్చింది. గ్రంథాలయాల్లో, బడుల్లో వస్తువుల మీద కప్పే యాక్రిలిక్ పెట్టెలదీ ఇదే పరిస్థితి. ఇక పనికిరావని వాటిని తీసేసి కొత్తవి కొనడం చూస్తుంటే, యాక్రిలిక్ పనిలో ఉన్నవాడిగా నాకు బాధ కలుగుతోంది, ఎందుకంటే అలాంటి షీట్లలో చాలావాటిని కొద్దిపాటి ఖర్చుతో, ఓపికతో తిరిగి తేటగా చేయవచ్చు.

యాక్రిలిక్ గాజు బరువులో సగమే ఉంటుంది, తన మీద పడిన వెలుతురులో సుమారు 92 శాతాన్ని లోపలికి పోనిస్తుంది. కాని దాని పైభాగం గాజు కంటే చాలా మెత్తన. పొడిగుడ్డతో తుడిచినప్పుడు దుమ్ములోని ఇసుక రేణువులే దాన్ని గీస్తాయి. పైగా పొడిగా రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి, మరింత దుమ్ము వచ్చి అంటుకుంటుంది.

బాగుచేసే ముందు తేలికపాటి సబ్బునీళ్లతో షీటును కడిగి, గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడాలి. గోరు గీతలో చిక్కుకోకపోతే, ప్లాస్టిక్ కోసం అమ్మే పాలిష్‌ను మెత్తని నూలుగుడ్డకు రాసి కాసేపు రుద్దితే చాలు. గోరు చిక్కుకుంటే మాత్రం వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాలి. దాని నంబరు పెరిగేకొద్దీ గరుకుదనం తగ్గుతుంది. గీత లోతును బట్టి 600 లేదా 800 నంబరుతో మొదలుపెట్టి, 1000, 1500, 2000 నంబర్లకు వెళుతూ, ప్రతిసారీ నీళ్లు పోసుకుంటూ, ముందు పేపర్ రుద్దిన దిశకు అడ్డంగా రుద్దాలి. ముందు నంబరు పెట్టిన గీతలన్నీ పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఈ దశలో షీటు పూర్తిగా తెల్లబడుతుంది. అది చూసి పాడైపోయిందని పని ఆపేసేవారు ఉన్నారు, కాని చివరి పాలిష్‌తో ఆ తెలుపు పోతుంది. మనం గీతను పూడ్చడం లేదు, దాని చుట్టూ ఉన్న పైపొరను గీత అడుగు వరకు అరగదీస్తున్నాం. అందుకే ఒక్క గీత మీదే రుద్దితే అక్కడ గుంట పడి, దాని గుండా చూసినప్పుడు దృశ్యం వంకరగా కనిపిస్తుంది. చుట్టూ వెడల్పుగా రుద్దాలి. బఫింగ్ మెషిన్ (మెత్తని చక్రాన్ని తిప్పి మెరుగుపెట్టే యంత్రం) వాడేవారు తక్కువ వేగంతో, ఒకే చోట ఆపకుండా నడపాలి, ఎందుకంటే సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే యాక్రిలిక్ మెత్తబడటం మొదలవుతుంది.

గీతల కంటే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది స్పిరిట్, అలాంటి ఇతర ద్రావకాల వాడకం. శానిటైజర్, గాజు తుడిచే అమోనియా ద్రావణం, థిన్నర్, పెట్రోల్ వంటివి తగిలితే యాక్రిలిక్ లోపల వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు పుడతాయి. కోసిన అంచుల దగ్గర, రంధ్రాల చుట్టూ, వంచిన మూలల్లో ప్లాస్టిక్ లోపల ఒత్తిడి మిగిలి ఉంటుంది కనుక పగుళ్లు ముందు అక్కడే కనిపిస్తాయి. లోతుగా పాకిన ఈ పగుళ్లను ఏ పాలిష్ కూడా పోగొట్టలేదు. కౌంటర్ల దగ్గర శానిటైజర్ చల్లి తుడిచిన షీట్లు ఎన్నో ఇలాగే పాడయ్యాయి.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. హెల్మెట్ ముందు ఉండే అద్దం సాధారణంగా పాలీకార్బొనేట్ అనే మరో రకం ప్లాస్టిక్‌తో చేస్తారు, దాని మీద గట్టి పూత ఉంటుంది. రుద్దితే పూత పోయి మరింత మసకబారుతుంది, కనుక దాన్ని మార్చుకోవడమే క్షేమం. పూత వేసిన యాక్రిలిక్‌కూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

కార్యాలయాల అధికారులకు నా విజ్ఞప్తి ఒక్కటే. కొత్త షీట్లకు ఆర్డరు పెట్టే ముందు, ఉన్నవాటిలో ఒకదాన్ని స్థానిక యాక్రిలిక్ పనివారికి ఇచ్చి పాలిష్ చేయించి చూడండి. శుభ్రం చేసే సిబ్బందికి తడిపిన మెత్తని గుడ్డలు ఇచ్చి, ‘పొడిగుడ్డ, స్పిరిట్ వాడరాదు’ అని ప్రతి షీటు మూలన తెలుగులో ఒక చీటీ అంటించండి.

ఇట్లు,
ఒక యాక్రిలిక్ పనివాడు,
విజయవాడ