నీలం డబ్బా థర్మామీటర్లు వెనక్కి తెచ్చివ్వండి

గుంటూరు కొత్తపేటలో మా సర్జికల్ షాపుకి ఏళ్లుగా వస్తున్నవాళ్లకి ఈ మాట నేనే చెప్పాలి. దసరాకీ సంక్రాంతికీ మధ్య మా దగ్గర నీలం డబ్బాలో గాజు థర్మామీటర్ కొన్నవాళ్లు దాన్ని వాడొద్దు, చెత్తలో వెయ్యొద్దు, తెచ్చివ్వండి. ‘ఇందులో పాదరసం లేదండీ’ అని చెప్పి అమ్మాను. ఉంది.

పోయిన మంగళవారం కొత్త పెట్టె సీలు విప్పి పది నిమిషాలు కాలేదు, కుర్రాడి చేతిలోంచి ఒకటి జారి కౌంటర్ అద్దం మీద పడి చిట్లింది. పాదరసం లేని గాజు థర్మామీటర్లలో గాలియం, ఇండియం, తగరం కలిపిన లోహం పోస్తారు. అదీ వెండిలాగే మెరుస్తుంది, గొట్టంలో ఉండగా ఏది ఏదో చెప్పడం కష్టం. బయట పడితే మాత్రం అది అద్దానికి అంటుకుని మరకలా సాగుతుంది. ఇదేమో పూసలు పూసలుగా విడిపోయి బిల్లు పుస్తకం కిందకి దొర్లింది. నాకు చెమటలు పట్టాయి. ఆ పూసలు నాకు తెలియనివా? చిన్నప్పుడు మా నాన్న పగిలినవాటి రసం కాగితం మీద పోసిస్తే గంటలకొద్దీ ఆడుకున్నవాణ్ణి. అది ఊరికే గాలిలోకి ఆవిరవుతుందనీ, ఆ ఆవిరి పీలిస్తే నరాలకీ కిడ్నీలకీ చేటనీ అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. మీరు మాత్రం తేడా తేల్చుకుందామని ఇంట్లో విరగ్గొట్టి చూడకండి.

సరుకు పంపిన ఏజెన్సీ ఆయనకి అప్పుడే ఫోన్ చేశాను. ‘డబ్బా మీద రాసుంది కదండీ’ అన్నాడు. ఫొటోలు పంపాను. ‘మీ పాత స్టాకు కలిసిపోయి ఉంటుంది’ అన్నాడు. పదకొండేళ్ల లావాదేవీలో నా చెక్కు ఒక్కటి వెనక్కి రాలేదు. నాతో అనాల్సిన మాటేనా అది? గొంతు పెంచేసరికి దారికొచ్చి, ‘సరే, మిగిలినవి పంపండి, పూర్తి డబ్బులు వేస్తా, వేరే ఊళ్లో సర్దుకుంటా’ అన్నాడు.

మిగిలినవి 84. తొమ్మిది వేల పైచిలుకు. మూడు రాత్రులు దాని మీదే ఆలోచన. పంపితే నా నష్టం తీరుతుంది. కానీ ఆ నీలం డబ్బాలే తెనాలిలోనో నరసరావుపేటలోనో ఇంకో కౌంటర్ మీదకి వెళ్తాయి, అక్కడా ఎవరో ఒకరు ‘పాదరసం లేదండీ’ అనే అమ్ముతారు. పంపలేదు. మా ఆవిడ దీన్ని పొగరంటుంది. పొగరే. ఆ 84తో పాటు మీరు తెచ్చేవాటినీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇస్తాను, ఖర్చు నాది.

మొత్తం 37 అమ్మాను. బిల్లులున్నవి 14, వాళ్లకి ఫోన్లు చేశాం. మిగతావాళ్లు బిల్లు లేకపోయినా, డబ్బా పారేసినా రండి. డబ్బులో, డిజిటల్ థర్మామీటరో, మీ ఇష్టం. ‘డిజిటల్ తప్పు చూపిస్తుంది’ అనేవాళ్లకి ఒక్క మాట: బీప్ వచ్చేదాకా చంక బిగించి ఉంచితే సరిగానే చూపిస్తుంది. సగంలో తీసి దాన్ని తిట్టకండి.

ఇప్పటికే పగిలుంటే ఫ్యాన్ ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపండి. ఉంగరాలు తీసెయ్యండి, రసం బంగారానికి పట్టేస్తుంది. చీపురుతో ఊడిస్తే పూసలు ఇంకా చిన్నవై మూలమూలకీ పోతాయి. లైటు ఆర్పి టార్చి నేలబారుగా వేస్తే ఎక్కడున్నా మెరుస్తాయి. పాత పెళ్లికార్డు రెండు ముక్కలు చేసి వాటితో దగ్గరికి తోసి, గట్టి మూతున్న సీసాలోకి ఎత్తండి. సింకులో మాత్రం పొయ్యొద్దు.

పాదరసం బీపీ మిషన్లు కూడా ఇక అమ్మను. థర్మామీటర్‌లో ఉండేది గ్రాము అటూ ఇటూ, ఆ మిషన్‌లో దాదాపు వంద గ్రాములు. పాదరసం తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లోనే ఆమోదించింది, నేనే ఇన్నాళ్లూ నాన్చాను. అటక మీద పాతది ఉంటే రసం కిందికి దిగేలా వంచి, లాక్ తిప్పి, నిలబెట్టి తీసుకురండి. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో కూడా కొద్ది మిల్లీగ్రాములు ఉంటుంది కానీ అవి తీసుకునే ఏర్పాటు నా దగ్గర లేదు.

ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది. కౌంటర్ లోపలివైపు మూత బిగించిన హార్లిక్స్ సీసా ఒకటి పెట్టాను. నిన్నటికి అందులోకి తొమ్మిది వచ్చాయి. ఇంకా 28 రావాలి.