ఇత్తడికి ఉన్న లెక్క సీసానికి ఎందుకు లేదు? - క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ ఒక స్వర్ణం, 3 రజతాలు తెచ్చినప్పుడు మా అమ్మాయి తనకూ పిస్టల్ షూటింగ్ నేర్పించమని పట్టుబట్టింది. అప్పట్నుంచీ వారానికి ఐదు సాయంత్రాలు హైదరాబాద్‌లోని ఒక షూటింగ్ రేంజ్ బెంచీ మీద కూర్చోవడం నా డ్యూటీ అయింది. అలా ఊరికే కూర్చున్నవాడికి కనిపించిన సంగతులే ఈ ఉత్తరం.

మా రేంజ్‌లో ఒక పక్క .22 అనే చిన్న రకం తూటాలు కాలుస్తారు. కాల్చిన ప్రతి తూటా వదిలిన ఇత్తడి గొట్టాన్ని, అంటే ఖాళీని, ఏరి, లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాస్తారు. ఒక్కటి తగ్గినా బెంచీల కింద టార్చిలైటు వేసి వెతుకుతారు. మంచిదే. తూటా అంటే లైసెన్సు, కోటా, తనిఖీ. పైగా తుక్కు కొట్లో ఇత్తడికి మంచి ధర పలుకుతుంది. ఈ ఖాళీల్లో మళ్లీ మందు నింపడం కుదరదు, కరిగించి వాడుకోవాల్సిందే.

మా అమ్మాయి కాల్చే ఎయిర్ పిస్టల్ మందుతో కాదు, గాలి ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి అందులో ఇత్తడే ఉండదు. ఉండేదల్లా అర గ్రాము బరువుండే సీసం పెల్లెట్, అంటే చిన్న గుండు. అది టార్గెట్ వెనకున్న ఇనప పలకకు తగిలి బొట్టుబిళ్లలా చదునై కింద పడుతుంది. పొద్దుపోయాక ఒక పెద్దావిడ వచ్చి వాటిని చీపురుతో ఊడ్చి, చాటలోకి ఎత్తి, పాత పెయింట్ బకెట్లో పోస్తుంది. చేతులకు ఏమీ ఉండదు, ముక్కుకు కొంగు అడ్డం. ఊడుస్తుంటే లేచే బూడిద రంగు దుమ్ము ట్యూబులైటు వెలుగులో బాగా కనిపిస్తుంది. పని కాగానే ఆ చేతులతోనే టీ, బిస్కెట్టు. బకెట్ నిండితే పాత సామాన్ల అతను తూకం వేసి పట్టుకుపోతాడు. ఎక్కడికయ్యా అని ఓసారి అడిగాను. "కరిగించి చేపల వలలకు గుళ్లు పోస్తారు సార్" అన్నాడు. 327 డిగ్రీలకే కరిగే లోహం, గ్యాస్ పొయ్యి, పాత మూకుడు ఉంటే పనైపోతుంది. ఆ మూకుడు ఎవరి వంటింట్లో ఉందో రిజిస్టర్‌లో లేదు.

అర గ్రామే కదా అనుకోకండి. పిల్ల రోజుకు 100 పెల్లెట్లు కాలిస్తే 50 గ్రాములు. నెలకు 25 రోజులు వేసుకుంటే ఏడాదికి 15 కిలోలు. 30 మంది పిల్లలున్న అకాడమీలో 450 కిలోలు. ఇక ట్రాప్ షూటింగ్‌లో, అంటే ఆరుబయట గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను తుపాకీతో కొట్టే పోటీలో, ఒక్క తూటాలోనే 24 గ్రాముల సీసం రవ్వలు. 125 పళ్లేల పోటీ పూర్తయ్యేసరికి ఒక్కో షూటర్ కనీసం 3 కిలోల సీసం మైదానంలో చల్లి వస్తాడు. దాన్ని ఊడ్చే చీపురు లేదు. వానలకు తడిసి, తుప్పు పట్టి, మెల్లగా మట్టిలోకి దిగుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ బయటి రేంజ్‌ల కోసం 2001లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: మట్టిని జల్లెడ పట్టి సీసం తీయండి, నేల ఆమ్లగుణం తగ్గడానికి సున్నం చల్లండి అని. మనకు తెలియని విద్యలా ఇవి?

సీసం అంటే ఒకప్పుడు పద్యం గుర్తొచ్చేది, ఇప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ గుర్తొస్తోంది. పాత బ్యాటరీ తిరిగిస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తారని ఇవాళ అందరికీ తెలుసు. 2001లో వచ్చిన బ్యాటరీ నిబంధనలు పెట్టిన అలవాటది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం సీసం తుక్కును కూడా అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. రేంజ్ గోడల లోపల ఆ మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు. రక్తంలో సీసం ఇంతవరకూ ఉంటే ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు మరీ ప్రమాదం. మన రేంజ్‌ల నిండా ఉన్నది పిల్లలే.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ కాదండీ. మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు. ఎన్ని కిలోల పెల్లెట్లు లోపలికొచ్చాయి, ఎంత సీసం తిరిగి ఎత్తారు, ఎవరికి అమ్మారు అన్నది ఇత్తడి రాసే రిజిస్టర్‌లోనే పక్క గడిలో రాయించండి. కొనేవారి పేరు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి జాబితాలో ఉండాలి. వచ్చిన డబ్బు రేంజ్‌కే చెందనివ్వండి, ఫీజు కట్టలేని పిల్లలకు పెల్లెట్ డబ్బాలొస్తాయి. పొడి చీపురు మాన్పించి తడిగుడ్డ పెట్టించండి. ఆ పెద్దావిడకు గ్లౌజులు, మాస్కు ఇప్పించి, ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించండి. అన్నిటికన్నా ముందు జరగాల్సింది ఇదే.

మా అమ్మాయి మొదటి ఏడాది కాల్చిన పెల్లెట్లు కొన్ని గుర్తుగా ఇంటికి తెచ్చి కాఫీ పొడి సీసాలో దాచుకుంది. ఇదంతా చదివాక ఆ సీసాకు టేపు చుట్టి బాల్కనీలో అటక మీద పెట్టాను. చెత్తబండిలో వెయ్యలేను, పాత సామాన్లకు ఇవ్వలేను. దాన్ని ఎవరికి అప్పజెప్పాలో మీ కార్యాలయం చెబితే నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక షూటర్ తండ్రి, హైదరాబాద్