ష్రాప్‌నెల్ వేరు, శకలం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉక్రెయిన్ వార్త వచ్చినప్పుడల్లా మీ పేపర్లో "ష్రాప్‌నెల్ తగిలి గాయాలు" అనే ముక్క కనిపిస్తోంది. ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, పనిచేసి రిటైరైనవాణ్ణి, చాదస్తం అనుకున్నా సరే, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఈ రోజుల్లో షెల్ (ఫిరంగి గుండు) పేలితే మనిషికి తగిలేది ష్రాప్‌నెల్ కాదండీ, ఆ షెల్ పెంకు పగిలిన ముక్క, అంటే శకలం.

ష్రాప్‌నెల్ అనేది ఒకాయన ఇంటిపేరు. హెన్రీ ష్రాప్‌నెల్ అనే బ్రిటిష్ ఆర్టిలరీ ఆఫీసర్ 1784 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. అప్పటిదాకా మీదికొచ్చే దళాల మీద ఫిరంగిలోంచి గుళ్ల డబ్బా కొట్టేవాళ్లు, అది ఫిరంగి మూతి దాటగానే పగిలి గుళ్లు చెదిరిపోయేవి, కొన్ని వందల గజాలు దాటితే ఇక దండగే. ఈయన ఆ గుళ్లనే బోలు ఇనప గుండులో పోసి, కాస్త మందు కూరి, వత్తి పెట్టి, దూరంగా ఉన్న శత్రువు నెత్తిమీదకి వెళ్లాక పగిలేలా చేశాడు. 1803లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది, మరుసటి ఏడాదే దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో వాడింది.

మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఫిరంగి 18 పౌండర్ కొట్టే ష్రాప్‌నెల్ షెల్‌లో దాదాపు 375 సీసం గుళ్లు ఉండేవి, ఒక్కోటి పిల్లలాడే గోలీ కంటే కాస్త చిన్నది. అసలు కిటుకేమిటంటే, ఆ పాత ఇనప గుండులా దీని పెంకు పగలదు. అడుగున ఉన్న మందు గాల్లోనే అంటుకుని గుళ్లన్నిటినీ ముందుకి తోస్తుంది, అంటే ఆకాశంలో ఎవరో పెద్ద తుపాకీ పేల్చినట్టు. షెల్ ఎప్పుడు పేలాలో చెప్పే ఫ్యూజులో టైమ్ కొంచెం ఎక్కువ పెట్టామా, మొత్తం మట్టిపాలు. తక్కువ పెట్టామా, గుళ్లు చేరేసరికి ఊపు చచ్చిపోతుంది. గన్ దగ్గర నిలబడ్డవాడికి అదే టెన్షన్.

మైదానంలో నడిచొచ్చే దళాన్ని ఇది ఊచకోత కోసేది గానీ, కందకంలోకి దిగినవాణ్ణి, తల పైకెత్తితే తప్ప, పెద్దగా ఏమీ చేయలేకపోయేది. అందుకే 1915లో ఫ్రెంచివాళ్లు, బ్రిటిష్‌వాళ్లు ఇనప టోపీలు తెచ్చారు. అవి రాకముందే, ఆ మార్చిలో ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో పోరాడిన మన సిక్కు సిపాయిలకి తలపాగాలే దిక్కు. ముళ్లకంచె తెంపడానికీ ఈ గుళ్లనే కొట్టేవాళ్లు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్‌లో చాలాచోట్ల కంచె తెగనే లేదు, ఆ కంచె ముందు ఎంతమంది పోయారో తెలిసిందే.

తర్వాత హై ఎక్స్‌ప్లోజివ్ షెల్, అంటే గుళ్ల బదులు గట్టి పేలుడు మందు నింపినది, దీని చోటు తీసుకుంది. అందులో పెంకే ముక్కలై చుట్టూ ఎగురుతుంది, అంచులు రంపంలా ఉంటాయి, గుండ్రటి గుండు చేసే గాయంలా ఉండదు అది. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 డిసెంబర్లో బెల్జియం వైపు జరిగిన ఆర్డెన్స్ పోరులో అమెరికన్లు వాడిన షెల్ ముక్కులో చిన్న రేడియో ఉండేది, నేల దగ్గరపడగానే దానంతటదే పేలేది. ఇక టైమ్ లెక్కలేల, గుళ్లేల?

ఇంగ్లిష్ నిఘంటువులే రెండర్థాలూ ఒప్పుకున్నాయి కదా అంటారేమో, నిజమే. మనకా అవసరం లేదు. విమానం కూలినప్పుడు "విమాన శకలాలు" అని మీరే చక్కగా రాస్తారు, షెల్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎక్కడికి పోతుందో?

ఇట్లు,
ఒక విశ్రాంత గన్నర్, శ్రీకాకుళం