బోర్డు లేని కూడలిని చదవడం నేర్పినవారికి కృతజ్ఞతలు

గత వారం నాకు జర్మనీ డ్రైవింగ్ లైసెన్సు చేతికి వచ్చింది. డ్రెస్డెన్‌లో ఇందుకు తోడ్పడిన ముగ్గురికీ వారి ఇళ్లకు వెళ్లి ధన్యవాదాలు చెప్పుకున్నాను. అయినా వారు చేసిన సాయం ఎలాంటిదో నలుగురికీ తెలియాలన్న కోరికతో ఇది రాస్తున్నాను.

ఖమ్మంలో పదకొండేళ్లు కారు నడిపిన ధైర్యంతో ఇక్కడికి వచ్చాను. నా ఉద్యోగం ఊరికి వెలుపల, తొలి షిఫ్టు వేళకు బస్సు అందని చోట ఉండడం వల్ల కారు నాకు తప్పనిసరి. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి 6 నెలల వరకే మన లైసెన్సు చెల్లుతుంది. ఆ పైన కంటి పరీక్ష, ప్రథమ చికిత్స తరగతి, థియరీ, రోడ్డు పరీక్ష అన్నీ పూర్తి చేయాలి. 30 ప్రశ్నల థియరీని ఇంగ్లీషులో రాసే వీలుంది కనుక తొలిసారే నెగ్గాను. బోర్డుల బొమ్మలన్నీ కంఠస్థమయ్యాయి కాబట్టి ఇక భయం లేదనుకున్నాను.

రోడ్డు పరీక్ష రోజున ఇళ్ల నడుమ ఒక కూడలికి చేరుకున్నాను. అక్కడ ఏ బోర్డూ లేదు. నేను వెళ్తున్నది వెడల్పైన వీధి, కుడివైపు నుంచి వచ్చి కలిసేది సన్నని సందు. పెద్ద వీధిలో ఉన్నవారే ముందు వెళ్లడం మన ఊళ్లలో అలవాటు. ఆ అలవాటు చొప్పుననే సాగిపోయాను. అదే క్షణంలో సందులోంచి కారు వచ్చింది, పక్క సీటులోని ఇన్‌స్ట్రక్టరు గారు తన వైపు బ్రేకు నొక్కవలసి వచ్చింది, పరీక్ష అక్కడితో ముగిసింది.

ఈ సంగతి విన్న మా అక్కయ్య, అంటే ఇక్కడ చాలాకాలంగా స్థిరపడి మా అందరికీ పెద్దదిక్కుగా ఉన్న ఆమె, ఆ ఆదివారం నన్ను కారు తీయనివ్వలేదు. వీధుల వెంట నడిపించుకుంటూ తీసుకెళ్లి, ప్రతి మలుపు దగ్గరా ఆపి, "ఇక్కడ ఎవరు ముందు వెళ్లాలి? ఎందుకు?" అని అడిగారు. నా జవాబులు కొన్ని విన్నాక, "తమ్ముడూ, నువ్వు బోర్డులు చదువుతున్నావు గాని కూడలిని చదవడం లేదు" అన్నారు. నాకు అందిన సాయమంతా ఆ మాటలోనే ఉంది.

పసుపు రంగు డైమండు కనిపిస్తే, దాన్ని రద్దు చేసే గీతల డైమండు వచ్చేదాకా ఆ రోడ్డు మీద మనదే ముందు దారి. ఎర్ర అంచు త్రికోణంలో పైకి చూసే నల్లటి బాణం ఉంటే ఆ హక్కు ఎదురయ్యే ఆ ఒక్క కూడలికే. ఇవేవీ లేకపోతే, సిగ్నలు కూడా లేకపోతే, కుడివైపు నుంచి వచ్చేవారిది ముందు దారి. దీన్నే ఇక్కడివారు "రెష్ట్స్ ఫోర్ లింక్స్" అంటారు. వీధి వెడల్పుతో దానికి సంబంధం లేదు. అంటే బోర్డు లేకపోవడం కూడా ఇక్కడ ఒక ఆజ్ఞే. అయితే అదే సందు, కాలిబాట అంచు రాయిని కిందికి దించి కట్టిన చోటు మీదుగా రోడ్డులోకి దిగుతుంటే, అక్కడి నుంచి వచ్చేవారే ఆగాలి. ఆ రాతి ఎత్తును చూడడం ఏ బొమ్మల పట్టికా నాకు నేర్పలేదు. ఆగమని చెప్పే అష్టభుజి, దారి ఇమ్మని చెప్పే తలకిందుల త్రికోణం వెనకనుంచి కూడా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టవచ్చని, కాబట్టి పక్క వీధివారికి ఏం చెప్పారో మనం కూడా తెలుసుకోవచ్చని ఆమె చూపించినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు కూడా అలాంటిదే. దాని మీద ఏ అంకె లేకపోయినా, అది దాటితే గంటకు 50 కిలోమీటర్లకు మించకూడదు.

రెండవవారు మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన. ట్రామ్ డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయన, నా అరకొర జర్మన్‌ను ఓపికగా వింటూ, ప్రయాణికులు నేరుగా రోడ్డు మీదికే దిగే ట్రామ్ స్టాపుల దగ్గర మనిషి నడక వేగంతోనే వెళ్లాలని, అవసరమైతే పూర్తిగా ఆగాలని, చేత్తో చూపిస్తూ వివరించారు. ఎర్ర లైటు పక్కన బిగించిన చిన్న ఆకుపచ్చ బాణం రేకు ఉంటే, పూర్తిగా ఆగి, అందరికీ దారి ఇచ్చి, ఆ తర్వాతే కుడికి తిరగవచ్చని కూడా ఆయనే చెప్పారు. ఆ రేకు 1978లో తూర్పు జర్మనీలో మొదలైంది. దేశం ఏకమయ్యాక, 1994లో, అంతటికీ వర్తించే నిబంధనల్లో చేరింది. తమ వైపు నుంచి మిగిలిన ఒక మంచి పద్ధతిగా ఆయన దాన్ని చెబుతుంటే వినడం నాకు గౌరవంగా అనిపించింది.

మూడవవారు నా సహోద్యోగి. ఆటోబాన్‌పై, అంటే ఇక్కడి ఎక్స్‌ప్రెస్‌వేపై, సూచించిన వేగం గంటకు 130 కిలోమీటర్లని, ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయకూడదని చదివే ఉన్నాను. వాహనాలు నెమ్మదించి నడక వేగానికి రాగానే, సైరన్ వినిపించకముందే, ఎడమ చివరి వరుసవారు ఎడమకు, మిగతా అందరూ కుడికి జరిగి ఆంబులెన్సుకు దారి విడిచే పద్ధతిని మాత్రం ఆయన కారులో కూర్చున్నప్పుడే కళ్లారా చూశాను. హైదరాబాదు ట్రాఫిక్‌లో సైరన్ మోగుతూ ఇరుక్కుపోయిన బండిని చూసినవారెవరికైనా ఆ దృశ్యం మనసులో నిలిచిపోతుంది. ఎదుటి బండి హెడ్‌లైటు ఫ్లాష్ చేస్తే మన దగ్గర "నేను వస్తున్నాను" అని అర్థం. ఇక్కడ చాలామంది "మీరు వెళ్లండి" అనే అర్థంలో వాడతారని, అయినా దాన్ని మాత్రమే నమ్మి ముందుకు కదలవద్దని ఆయన పదేపదే హెచ్చరించారు.

రెండవ పరీక్షలో మళ్లీ బోర్డు లేని కూడళ్లు వచ్చాయి. ప్రతిచోటా వేగం తగ్గించి, కుడివైపు చూసి, అంచు రాయిని గమనించి, మనసులో అక్కయ్య ప్రశ్నకు జవాబు చెప్పుకున్న తర్వాతే ముందుకు వెళ్లాను.

పెద్దాయనకూ, నా సహోద్యోగికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అక్కయ్యకు నేను ఎంత చెప్పినా తక్కువే. వరుసగా నాలుగు ఆదివారాలు ఆమె నాతో వీధుల వెంట తిరుగుతుంటే, భోజనానికి కూర్చోకుండా ఆమె కోసం ఎదురుచూసిన బావగారికీ, పిల్లలకూ నా నమస్కారాలు.