నాన్నగారు తూము దగ్గర ఎందుకు దిగేవారంటే

చి.సౌ. అమ్మడికి అమ్మ దీవెనలు.

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాటకి జవాబు చెప్పలేక, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి పెట్టేశాను. పాలూ లేవు, ఏమీ లేవు. రాత్రంతా కన్ను మూతపడలేదు. నోటితో చెప్పడం నావల్ల కాదు, అందుకని రాస్తున్నాను. తమ్ముడి చేత ఫొటో తీయించి పంపిస్తాను.

మీ పక్కింటి జాఫ్నా తమిళావిడ మూడేళ్ళుగా బుజ్జిగాణ్ణి బడి నుంచి తీసుకొచ్చి, అన్నం తినిపించి, నువ్వు డ్యూటీ దిగి వచ్చేదాకా చూసుకున్న మనిషి. ఈ టొరంటో స్కార్‌బరోలో నాకు పుట్టిల్లు ఆవిడేనమ్మా అనేదానివి. మొన్న నాన్నగారి సంవత్సరీకానికి నువ్వు ఆయన యూనిఫాం ఫొటోకి దండ వేశావట. ఎక్కడెక్కడ పనిచేశారని ఆవిడ అడిగితే శ్రీలంకలో కూడా అన్నావట. చేతిలో పాయసం గిన్నె బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది, మళ్ళీ మన గడప తొక్కలేదన్నావు. "అమ్మా, నాన్న అక్కడ ఏం చేశారు?" అన్నావు.

నాకు తెలీదమ్మా. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకే తెలీదు. తెలిసినంత చెప్తాను. ఏదీ దాచను.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాటి నుంచే మన సైన్యం జాఫ్నా పక్కన పలాలిలో దిగడం మొదలెట్టింది. నాన్నగారు సైన్యానికి సరుకులు చేరవేసే ఏ.ఎస్.సి.లో డ్రైవరు, శక్తిమాన్ లారీ ఆయన బండి. ఆగస్టులో వెళ్ళారు. నీకప్పుడు ఏడాది. మొదట్లో వచ్చిన ఉత్తరాలు ఎంత సంతోషంగా ఉండేవో! జనం దండలేసి ఎదురొస్తున్నారనీ, ఊరంతా తాటిచెట్లేననీ, మన గోదావరి ఒడ్డున ఉన్నట్టే ఉందనీ రాశారు. ఒక ఉత్తరంలో ఒక ముసలమ్మ సంగతి కూడా ఉంది. తాటాకు దడి లోపల చాప మీద తాటిపేసం పోసి ఎండబెడుతోందట. ఈయన బండి ఆపి మన తాండ్రేగా అన్నట్టు సైగ చేస్తే, ఎండిన ముక్క ఒకటి చింపి దడి మీంచి అందించిందట. వాళ్ళు దాన్ని పనాట్టు అంటారట. "రుచి అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉంది" అని రాశారు.

అక్టోబరు వచ్చేసరికి అంతా తిరగబడింది. శ్రీలంక సైన్యానికీ, తమిళుల కోసం పోరాడుతున్న ఎల్.టి.టి.ఈ. పులులకీ మధ్య కాపలాకని వెళ్ళినవాళ్ళే పులుల మీద యుద్ధానికి దిగారు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు దళం ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది చనిపోయారు. మిగిలిన ఒక్కడూ బందీ అయ్యాడు. ఇవన్నీ నేను తర్వాత పేపర్లలో చదివి తెలుసుకున్నవే. ఆయన ఉత్తరాలు మాత్రం రెండు వాక్యాలకి వచ్చేశాయి. క్షేమం. పాప జాగ్రత్త. ముసలమ్మ ఎలా ఉందని నేను తెలివితక్కువగా రాశాను. దానికి జవాబు రాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకసారి, అడక్కుండానే, "ఆ దడి ముందు నుంచే మళ్ళీ వెళ్ళాం" అన్నారు. ఆ పైన ఒక్క మాట లేదు. ఇంట్లో తాండ్ర ముట్టడం మానేశారు. ముంజలు కూడా. మీరంతా వేసవిలో ముంజలు తింటుంటే లేచి చేలోకి వెళ్ళిపోయేవారు, గుర్తుందా?

ఇప్పుడు తూము సంగతి.

జాఫ్నా రోడ్ల మీద మందుపాతరలు తూముల కింద పెట్టేవారు. పొద్దున్నే సిపాయిలు నడుచుకుంటూ వెళ్ళి రోడ్డు చూసొస్తేగానీ లారీలు కదిలేవి కావు. చూసొచ్చాక కూడా పేలేవి. నాన్నగారి ముందు బండి నడిపిన కుర్రాడు శ్రీకాకుళం వాడు, ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఆ పొద్దున అతని బండి తూము ఎక్కింది. పొగ తగ్గాక ఈయన దిగి చూస్తే స్టీరింగు ఊడొచ్చి రోడ్డు మధ్యన పడి ఉందట. చెయ్యి జారకుండా ఆ అబ్బాయి దానికి ఎర్ర ప్లాస్టిక్కు తీగ చుట్టుకున్నాడు. ఆ తీగ ఒక్క చుట్టు కూడా ఊడలేదు. ఇది నాతో ఒక్కసారే చెప్పారు, చెల్లి పెళ్ళినాటి రాత్రి. ఎందుకు ఆ రోజే చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు.

1995లో పింఛనుతో వచ్చేసి మిల్లు లారీ తోలడం మొదలెట్టారు కదా. మనది కాలవల దేశం, అడుగుకో తూము. ప్రతి తూముకీ బండి ఆపి, దిగి, వంగి కిందకి చూసి, మళ్ళీ ఎక్కేవారు. సైకిలు మీదైనా అంతే. మిల్లు వాళ్ళు ఆలస్యమవుతోందని విసుక్కునేవారు. బడిపిల్లలు ఆయన వెనకాలే వంగి చూసి ఇకిలించేవారు. తూముల మిలిటరీ అని పేరు పెట్టారు. ఊళ్ళో నవ్వారు సరే, నేనూ నవ్వానమ్మా. కాఫీలు ఇచ్చుకుంటూ అరుగు మీద పదిమంది ఆడవాళ్ళలో నేనూ నవ్వాను. ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు.

నీ చెయ్యి గురించి కూడా చెప్పాలి. నీకు పదేళ్ళు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి భుజం తట్టి లేపావు. కళ్ళు తెరవకుండానే నిన్ను విసిరికొట్టారు. మణికట్టు విరిగింది. డాక్టరు అడిగితే జామచెట్టు మీంచి పడిందని చెప్పింది నేను. నీ చేత కూడా అదే చెప్పించాను. ఆ అబద్ధం నాది, నాన్నగారిది కాదు. నీకు కట్టు కడుతున్నంతసేపూ ఆయన ఆసుపత్రి వెనక కొళాయి దగ్గర కూర్చున్నారు. ఆ రాత్రి నుంచీ మంచం అరుగు మీదకి మార్చేశారు. "లోపల గడియ పెట్టుకో" అనేవారు రోజూ. పెట్టిన చప్పుడు వినపడితేగానీ పడుకునేవారు కాదు. వానాకాలం, చలికాలం, చివరి జబ్బు దాకా అదే. నాన్న మన దగ్గర పడుకోరేం అని నువ్వడిగితే, గాలి కోసం అనేదాన్ని. నీ మీద ఇష్టం లేదనుకుని పెరిగావు. ఆ గడియ నీ కోసమేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దానికి పీటీఎస్‌డీ అని ఒక పేరుందని, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళని చూసి అమెరికా డాక్టర్లు 1980లోనే పెట్టారని నువ్వు చెప్పావు. మనకి ఇక్కడ ఆ పేరు ఎవరూ చెప్పలేదు. మిలిటరీ కోపం అన్నాం, మందు అన్నాం, గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. మన జిల్లాలో మిలిటరీ మాధవరం అని ఊరికే పేరుంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి చోట ఎన్ని అరుగుల మీద ఎందరు ఇలా పడుకున్నారో అనిపిస్తుంది నాకు. జెండా పండగకి శాలువా కప్పేవాళ్ళం. ఎలా నిద్రపోతున్నావని అడిగినవాళ్ళు లేరు. 1990 మార్చిలో ఆఖరి దళాలు తిరిగొచ్చినప్పుడు మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. మన తమిళుల్ని చంపినవాళ్ళని ఎలా ఆహ్వానించను అన్నది ఆయన బాధ. అక్కడ మనవాళ్ళు దాదాపు 1,200 మంది పోయారు. వాళ్ళ ఇళ్ళది ఇంకో బాధ.

ఇక నువ్వు అసలు అడిగింది. 1987 అక్టోబరు 21న, దీపావళి రోజుల్లో, జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పులని సైన్యం చెప్పింది. లోపల బతికి బయటపడ్డవాళ్ళు అలా చెప్పలేదు. ఆ సంగతి చదివిన రోజు ఆయన్ని అడిగాను. "నేను ఆవేళ పలాలిలో ఉన్నాను" అన్నారు. నమ్మాను. నమ్మకపోతే నాకు గడవదు. నువ్వూ నమ్మాలని నేను అనను. ఆయన తుపాకీ పేల్చారా, ఎవరి మీద పేల్చారు అంటే, ఆ మాట ఆయనతోనే కట్టె మీదకి వెళ్ళిపోయింది.

అమ్మడూ, ఆవిడ దగ్గరికి వెళ్ళి మా నాన్న ఉత్త డ్రైవరండీ అనకు. మా నాన్న కూడా నిద్రలేక బాధపడ్డారని చెప్పకు. అది నిజమే, కానీ ఆవిడకి చెప్పాల్సింది కాదు. ఆవిడ వాకిట్లో శ్రీలంక సైన్యం నడిచింది, పులులు నడిచారు, మనం నడిచాం. ఇంట్లో ఎవరు పోయారో, ఎవరి చేతిలో పోయారో నీకు తెలీదు, ఎప్పుడూ అడగలేదు కూడా. ఆవిడ చెబితే కూర్చుని విను. నాన్నగారి పేరు వచ్చినా లేవకు. చెప్పకపోతే అడగకు.

భాద్రపదం కదా, తాటిపళ్ళు రాలుతున్నాయి. ఈసారి నేనే పేసం తీసి చాప మీద పోశాను. మేడ మీద ఎండ బాగుంది. నాలుగు పొరలు అయ్యాయి. వచ్చే నెల మన వీధి కుర్రాడు టొరంటో వస్తున్నాడు, ఒక కిలో అతని చేత పంపిస్తాను. సగం మీకు, సగం ఆవిడకి. మా అమ్మ చేసిందని మాత్రం చెప్పు. తలుపు తీయకపోతే గుమ్మంలో పెట్టి వచ్చేయి, మళ్ళీ మళ్ళీ తట్టకు.

నీ మణికట్టు చలికి లాగుతోందన్నావు. నువ్వుల నూనె వెచ్చజేసి రాయి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ అమ్మ