మా ఒడిలో కొలిచినవాళ్లందరికీ

అందరికీ వందనాలు. నిన్న సాయంత్రం మా ఆయన వాకర్ పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వచ్చారు. కుర్చీలో కూలబడి, చట్నీ నాలిక్కి రాసుకుని "ఉప్పు తక్కువైంది" అన్నారు. ఇక ఈ పోస్టు రాయొచ్చు అనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది కాశీబుగ్గలో చిన్న టిఫిన్ కొట్టు. పోయిన నెల రాత్రిపూట హైవే మీద ఆవు అడ్డొచ్చి ఆయన బండి మీంచి పడ్డారు. తొడ ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్, లోపల రాడ్డు, 19 రోజులు మంచం పక్కనే నేను.

ఆ 19 రోజులూ మా కొట్టు మూతపడలేదు. తెరిచింది ఎవరో తెలుసా? ఎదురుగా సాయంత్రం బజ్జీల బండి పెట్టే తమ్ముడు. మా బేరాలు పోతున్నాయని రెండేళ్లుగా నేను మొహం తిప్పుకున్న మనిషి. రాత్రి పదింటికి తన బండి కట్టేసి, తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంట్లో గ్రైండర్ వేసేవాడు. ఏ రోజు ఎంత వచ్చిందో క్యాలెండర్ వెనక రాసి, డబ్బులు పచ్చడి జాడీలో పెట్టేవాడు. టీకి తీసుకున్న పది రూపాయలు కూడా రాశాడు.

మా చర్చి సంఘంలో అక్కలు వంతులు వేసుకుని క్యారేజీ కట్టారు. పలాసలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆసుపత్రికి తెచ్చేవారు. రక్తమిచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లల పేర్లు కూడా అడగలేదు, ఆ టెన్షన్లో. బాబూ, ఇది చదివితే ఒకసారి కొట్టుకి రండి.

ఇంటికొచ్చిన మర్నాడు మా వీధి చివరి అప్ప వచ్చింది. జీడి కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. జీడి నూనెకి వేళ్లన్నీ నల్లబడి ఉంటాయి. చంకలో బియ్యం మూట, చేతిలో కుంచం. మూట ఇచ్చేసి పోవచ్చు కదా, ఊహూఁ, కొలిచే ఇస్తానంది. కుంచం నింపింది. నేలకేసి రెండుసార్లు కుదిపింది. బియ్యం కిందికి దిగితే నల్లటి అరచేత్తో అణిచి మళ్లీ పోసింది. గోపురం కట్టాక నా కొంగులోకి వంచింది. గింజలు జారి గచ్చంతా పడ్డాయి. గుల్లగా పోసి కొలిస్తే కుంచానికి గుప్పెడు మిగులుతుంది, అమ్మేవాళ్లందరికీ తెలిసిన కిటుకే అది.

"ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు." బైబిల్లో లూకా సువార్త 6:38. సండే స్కూల్లో బహుమతి కోసం కంఠతా పట్టిన వాక్యం. కుదిలించడం అంటే ఏమిటో ఆ రోజే చూశాను.

చాలామంది "తిత్లీ తుఫాను అప్పుడు మీరు పెట్టారు, ఇప్పుడు దేవుడు తిరిగిచ్చాడు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. 2018 అక్టోబర్ 11న తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి. కరెంటు లేదు. కట్టెల పొయ్యి మీద ఉన్న రవ్వంతా ఉప్మా చేసి పెట్టాం, నిజమే. ఫ్రిజ్ ఆగిపోయింది కాబట్టి రుబ్బిన పిండి కూడా దోసెలు పోసి పంచేశాం. దాచినా పులిసిపోయేదే కదా! పైగా బజ్జీల తమ్ముడు అప్పటికి ఈ ఊళ్లోనే లేడు. అతను నాకేం బాకీ?

కానుకకు నూరంతలు వస్తుందని ఈ వాక్యం చూపించి చెప్పేవాళ్లున్నారు. చీటీపాట లెక్క అది. నాలుగు వచనాలు పైకెళ్తే, తిరిగి వస్తుందనుకున్నవాళ్లకే అప్పిస్తే మీకేం మెప్పు అని యేసే అడుగుతారు. సరిగ్గా ముందు వచనమైతే తీర్పు తీర్చకండి, క్షమించండి అంటుంది. ఆ కొలతలో బియ్యం ఒక్కటే కొలవరన్నమాట. అది చదివాక ఎదురు బండి వైపు చూడటానికి సిగ్గేసింది.

పుచ్చుకోవడం నాకు చేతకాలేదు, అదీ చెప్పాలి. ఎవరెంత ఇచ్చారో నోట్‌బుక్కులో రాసుకున్నాను, తీర్చేద్దామని. అపొస్తలుడు పౌలు బంధకాల్లో, అంటే జైల్లో ఉండగా, ఫిలిప్పీ ఊరి సంఘంవాళ్లు ఎపఫ్రొదితు అనే తమ మనిషి చేతికిచ్చి సాయం పంపారు. దానికి ఆయన రాసిన జవాబు ఫిలిప్పీయులకు 4వ అధ్యాయంలో ఉంది. తీర్చేస్తానని అందులో ఎక్కడా లేదు. "ఇచ్చు విషయములోను పుచ్చుకొను విషయములోను" వాళ్లు తనకు పాలివారు, అంటే భాగస్వాములు అంటాడు. నోట్‌బుక్కు చూపిస్తే తమ్ముడు "నా పేరు కొట్టేయ్ అక్కా" అన్నాడు. కొట్టెయ్యలేదు.

ఇంకో మాట. అతను నూనె మార్చడని నా నోట విన్నవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. నేనే చెప్పాను, చూడకుండా చెప్పాను. మా కొట్టులో పూరీలు వేసిన నూనె ఏ రోజుది ఆ రోజే తీసేసేవాడని మా అమ్మాయి చెప్పింది. అంత ఖచ్చితంగా నేనే ఉండలేదు. అతని బండి సాయంత్రం ఐదు నుంచి. మిరపకాయ బజ్జీ బాగుంటుంది, నేనూ నిన్ననే తిన్నాను.